యూనియన్ ఉంటే కండక్టర్ కసురుకుంటాడా? అపోహలు - వాస్తవాలు

బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే పని నాది. సిబ్బందితోనూ ప్రయాణికులతోనూ తిట్లు తినే కుర్చీ. యూనియన్ల గురించి తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: యూనియన్ అండ చూసుకునే కండక్టర్లు కసురుకుంటారు.

వాస్తవం: ఆ విసుగు మూలం చాలాసార్లు చార్టులోనే దొరుకుతుంది. ఒక రూటుకు రన్నింగ్ టైమ్ గంటా పది నిమిషాలని ఎప్పుడో రాసిపెట్టి ఉంటుంది. ఆ తర్వాత దారిలో సిగ్నళ్లు వచ్చాయి, ఫ్లైఓవర్ పనులు మొదలయ్యాయి, జనం పెరిగారు. చార్టు మాత్రం అదే. మొదటి ట్రిప్పు లేటైతే టీ తాగే టైమ్ పోతుంది, మూడో ట్రిప్పుకల్లా అన్నం టైమూ పోతుంది. ఆ తర్వాత ఐదొందల నోటిచ్చి చిల్లర అడిగినవారి మీద ఆ కడుపు మంటంతా పడుతుంది. ఐదు గంటలు పని చేశాక అరగంట విరామం ఇవ్వాలన్నది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమమే. దాని కోసం ఒక్క కండక్టర్ వచ్చి అడిగితే "చూద్దాంలే" అంటారు. యూనియన్ అడిగితే రూటు మీదికి మనిషిని పంపి ట్రిప్పుకు నిజంగా ఎంత టైమ్ పడుతోందో చూయిస్తారు.

అపోహ: దొంగతనం చేసినా యూనియన్ కాపాడేస్తుంది.

వాస్తవం: ఎంక్వైరీలో కార్మికుడి పక్కన కూర్చుని మాట్లాడటం వరకే యూనియన్ పని. టికెట్ డబ్బు కాజేసిన కేసుల్లో మొత్తం చిన్నదైనా డిస్మిసల్ సరైనదేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అధికారులు చార్జిషీటు తప్పుల తడకగా రాసి, సాక్షిని పిలవకుండా ఎంక్వైరీ ముగిస్తే కేసు వీగిపోతుంది. నింద మాత్రం యూనియన్‌కు.

అపోహ: యూనియన్ ఉన్నచోట పనితనం ఉండదు.

వాస్తవం: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో ఒక కార్ల ఫ్యాక్టరీ మూసేసింది. గైర్హాజరుకు, నాసిరకం పనికి పేరుమోసిన ప్లాంటు అది. 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచారు. కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియనూ పాతదే. లోపం కనిపిస్తే తాడు లాగి లైను ఆపే అధికారం కార్మికుడికే ఇచ్చారు. కొద్దికాలంలోనే నాణ్యతకు పేరు తెచ్చుకుంది.

అపోహ: యూనియన్లు తీసేస్తే సర్వీసు బాగుపడుతుంది.

వాస్తవం: 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. జనం నిజంగానే నానా అవస్థలు పడ్డారు. తర్వాత డిపోల్లో యూనియన్ల బదులు సంక్షేమ కమిటీలు వచ్చాయి. అయినా 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలై బస్సులు కిక్కిరిశాక గొడవలు తప్పలేదు. రద్దీకి కావాల్సింది అదనపు ట్రిప్పులు, సిబ్బంది.

ఒకటి మాత్రం అపోహ కాదు. యూనియన్ నాయకులకు తేలిక డ్యూటీలు పడటం ఉంది. వాళ్లు వదిలేసిన నైట్‌ హాల్ట్ (రాత్రి బస్సుతో పాటు చివరి ఊళ్లోనే ఉండిపోయే డ్యూటీ) ఎవరో కొత్త కుర్రాడి నెత్తిన పడుతుంది. చార్టు నోటీసు బోర్డులో అందరికీ కనిపించేలా పెడితే ఇది చాలావరకు తగ్గుతుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు బస్సు నంబరుతో పాటు ఎక్కిన స్టాపు, టైమ్ కూడా రాయండి. ఒకే ట్రిప్పులో వేర్వేరు రోజుల్లో వేర్వేరు కండక్టర్ల మీద ఫిర్యాదులు వస్తుంటే ముందు ఆ ట్రిప్పు రన్నింగ్ టైమే తీసి చూస్తాం.