క్లైడ్ బ్రక్‌మన్: హాస్య సన్నివేశంపై హక్కు ఎవరిది?

తాను ఒక సంస్థకు తీసిన హాస్య సన్నివేశాన్ని ఒక దర్శకుడు ఆ తర్వాత మరో సంస్థకు రాసిస్తే అది చౌర్యమవుతుందా అన్న ప్రశ్న 1940లలో అమెరికా న్యాయస్థానాల ముందుకు వచ్చింది. ఆ వివాదానికి కేంద్రమైన క్లైడ్ బ్రక్‌మన్ పని నేర్చుకున్నది మూకీల కాలంలో. వివాదానికి మూలం కూడా అక్కడే ఉంది.

1894లో కాలిఫోర్నియాలో పుట్టిన బ్రక్‌మన్ పత్రికలకు క్రీడావార్తలు రాస్తూ సినిమాల్లోకి వచ్చారు. ఆయన చేరిన మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్ బృందంలో పూర్తి స్క్రిప్టు రాసుకునే పద్ధతి లేదు. అందరూ కూర్చుని కథకు మొదలు, ముగింపు అనుకుని, మధ్యలో రావలసిన గ్యాగ్‌లను, అంటే నవ్వించే చిన్న ఘట్టాలను, కలిసి అల్లేవారు, ఏది ఎవరి ఊహో ఎవరూ లెక్క రాసుకోలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలపు రైలు అపహరణ గురించిన పుస్తకాన్ని కీటన్‌కు చూపించింది బ్రక్‌మనే. దాని ఆధారంగా 1926లో తయారైన ‘ది జనరల్’కు ఆయన సహదర్శకుడు. మరుసటి ఏడాది హాస్యజంట లారెల్, హార్డీలతో తీసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’లో క్రీము నింపిన ‘పై’ అనే తీపి వంటకాలను విసురుకునే తగవు ఒక్కొక్కరినే లోపలికి లాగుతూ వీధంతా పాకుతుంది, ఆ క్రమంలోని ఓపికే దాన్ని గొప్ప సన్నివేశం చేసిందని నా నమ్మకం.

టాకీలు వచ్చాక హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ నటించిన ‘మూవీ క్రేజీ’కి 1932లో దర్శకత్వం వహించారు. అందులో కథానాయకుడు పొరపాటున ఇంద్రజాలికుడి కోటు తొడుక్కుని విందుకు వెళ్తాడు. మద్యపానం ముదరడంతో 1935 తర్వాత దర్శకత్వ అవకాశాలు ఆగిపోగా, రచయితగా మిగిలిన బ్రక్‌మన్ పాత గ్యాగ్‌లనే తిరిగి వాడసాగారు. 1943లో యూనివర్సల్ సంస్థకు ఆయన రాసిన ‘సోజ్ యువర్ అంకుల్’ సినిమాలోకి ఆ కోటు సన్నివేశం వరుసగా 57 దృశ్యాల మేర వచ్చి చేరడంతో లాయిడ్ సంస్థ దావా వేసింది. 1947లో అప్పీలు కోర్టు 40,000 డాలర్ల నష్టపరిహారాన్ని ఖాయం చేసింది.

అంత నిడివిని వరుస చెడకుండా ఎత్తుకోవడం గ్యాగ్ అరువు తెచ్చుకోవడంతో సమానం కాదు గనుక తీర్పు న్యాయమైనదే. అయితే ఉమ్మడిగా అల్లే అలవాటులో పెరిగిన రచయితకు ఆ గీత ఎక్కడుందో అంతకుముందు పరిశ్రమలో ఎవరూ చూపలేదు. దావాల తర్వాత ఆయనకు పని తగ్గింది. టెలివిజన్‌లో హాస్యజంట ఆబట్, కాస్టెల్లోల కార్యక్రమానికి కొంతకాలం రాసిన బ్రక్‌మన్, 1955 జనవరిలో ఆత్మహత్య చేసుకునే నాటికి ఆయన వయసు 60.