లేట్ నైట్ హాస్యగాడి కొలువు: అపోహలు - వాస్తవాలు

తెలుగు టీవీ కామెడీ కార్యక్రమాలకు, ముఖ్యంగా యాంకరు స్టేజీ మీదకు వస్తూనే మాట్లాడే తొలి నాలుగు నిమిషాలకు, నేను పద్నాలుగేళ్ళుగా స్క్రిప్టు రాస్తున్నాను. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, పని ఇదని తెలియగానే జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అవన్నీ అప్పటికప్పుడు అనేవేనా, ఆయన ఇంట్లో కూడా అలాగే నవ్విస్తారా, లోపల ఏదో బాధ ఉంటుందటగా అని అడుగుతారు. నేను పనిచేసినవాళ్ళను ఉదాహరణగా చెబితే రేపు నన్ను షూటింగుకు పిలవరు కాబట్టి, ఈ కొలువుకు ఒక పద్ధతి ఏర్పరచిన అమెరికా హాస్యగాడు జానీ కార్సన్ జీవితాన్ని ఆధారం చేసుకుని జవాబులు చెబుతాను. 1962 అక్టోబరు 1న అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీలో రాత్రి పొద్దుపోయాక వచ్చే కబుర్ల కార్యక్రమం ‘టునైట్ షో’ పగ్గాలు చేపట్టి, 1992 మే 22న దిగిపోయిన మనిషి ఆయన.

ఆయనను నేను మొదట చూసింది ఒహాయోలో ఉండే మా మేనమామ తెచ్చిన వీడియో క్యాసెట్టులో. అమెరికా టేపు మన టీవీకి సరిపడక, బొమ్మ రంగులు పోయి, అదేపనిగా పైకి దొర్లుతూ ఉండేది. మాట మాత్రం శుభ్రంగా వినిపించేది. ఇంగ్లీషు సగమే అర్థమయ్యే వయసులో కూడా, ఆయన ఎక్కడ ఆగుతున్నాడో, ఆగిన ఎంతసేపటికి నవ్వు వస్తున్నదో తెలిసింది. నా చదువు అక్కడే మొదలైందని అనుకుంటాను.

అపోహ: అర్ధరాత్రి కార్యక్రమం అర్ధరాత్రే జరుగుతుంది.

జరగదు. 1972లో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్ పక్కనున్న బర్‌బ్యాంకుకు మకాం మార్చిన తర్వాత ఆ షో సాయంత్రం అయిదున్నరకు రికార్డయ్యేది. అయితే మధ్యలో ఆపి, మళ్ళీ తీసి, కత్తిరించి అతికించే వ్యవహారం కాదు. ప్రత్యక్ష ప్రసారం ఎలా సాగుతుందో అలా ఏకబిగిన సాగిపోయేది, అదే రాత్రి ప్రసారమయ్యేది. మేము రోజుకు రెండు ఎపిసోడ్లు తీస్తాం, అవి వచ్చేసరికి మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఉదయం పేపరు చూసి సాయంత్రానికి జోకు రాసే భాగ్యం మాకు లేదు.

అపోహ: మంచి హాస్యగాడు నోటికి వచ్చింది మాట్లాడతాడు, రాసుకుని చదివేవాడు అసలు హాస్యగాడే కాదు.

ఈ ఒక్క అపోహ తొలగితే మిగిలినవి వాటంతట అవే సగం తొలగిపోతాయి. కార్సన్‌కు రచయితల బృందం ఉండేది. వాళ్ళు రోజూ రాసి పంపిన జోకుల్లోంచి ఆయన తానే ఏరుకుని, తానే వరస పెట్టుకుని, కెమెరా పక్కన పట్టుకున్న క్యూ కార్డుల మీద, అంటే మాటలు పెద్ద అక్షరాలతో రాసిన అట్టల మీద, చూస్తూ చెప్పేవారు. ఇది దాచుకున్న రహస్యమేమీ కాదు. ఏరుకోవడం చిన్న పని అనుకునేవాళ్ళు ఒకసారి నలభై జోకుల్లోంచి పన్నెండు తీసి చూడాలి. మొదటిది మరీ గొప్పగా పేలితే రెండోది చప్పబడుతుంది; రాజకీయం మీద వరసగా మూడు పడితే జనం చేతులు కట్టుకు కూర్చుంటారు.

క్యూ కార్డు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా పనిలో సగం మెళకువ అక్కడే ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర పడుతుంది కాబట్టి, నవ్వించాల్సిన మాట తరచుగా దానికి ముందే వచ్చి, క్రియ కింద పడి నలిగిపోతుంది. “మా అపార్టుమెంటు లిఫ్టు ఆరు నెలలుగా కదలడం లేదు గానీ, అందులో ‘నలుగురికి మించి ఎక్కరాదు’ అని మొన్న కొత్త బోర్డు పెట్టారు” అని ఒక కుర్రాడు రాసుకొచ్చాడు. జనం ‘ఎక్కరాదు’ దగ్గర నవ్వబోతుండగా యాంకరు ఇంకా ‘కొత్త బోర్డు పెట్టారు’ అంటూ ఉంటాడు. దాన్ని తిప్పి, “మా అపార్టుమెంటు లిఫ్టు ఆరు నెలలుగా కదలడం లేదు. మొన్న అందులో కొత్త బోర్డు పెట్టారు: నలుగురికి మించి ఎక్కరాదు” అని రాయించాను. కార్డు మీద ఆ చివరి ముక్కను విడిగా, కింది వరసలో రాస్తాం. యాంకరు కన్ను ముందే దాని మీద పడితే ముఖంలో తెలిసిపోతుంది, ముఖంలో తెలిసిన జోకు ఇక పేలదు.

ఇక రాసినది పేలకపోతే ఏం చేయాలన్నదే కార్సన్ అసలు విద్య. చచ్చిన జోకు మీద ఇంకో మాట అని దాన్నే నవ్వుగా మార్చడంలో ఆయనకు సాటి లేరన్నది నా అభిప్రాయం. వరసగా రెండు మూడు బెడిసికొడితే బ్యాండు ఒక పాత పాట ఎత్తుకునేది, ఆయన తలవంచుకుని దానికి తగ్గట్టు మెల్లగా అడుగులు వేసేవారు. జనం ఆ ఓటమి కోసం ఎదురుచూసేవారంటే అతిశయోక్తి కాదు. మా షూటింగులో ఒకసారి తొలి జోకు పూర్తిగా పడిపోయింది. యాంకరు నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. ప్రసారంలో అదే జోకుకు హాలంతా నవ్వింది. ఆ నవ్వు గంట తర్వాత వచ్చిన వేరే స్కిట్టుది, తెచ్చి ఇక్కడ అతికించారు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను సిగ్గుపడే సందర్భాల్లో అదొకటి.

రచయితలు ఉన్నారు గనుక హాస్యగాడు కేవలం చిలక అనుకోవడం కూడా పొరపాటే. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో 1949లో డిగ్రీ పూర్తి చేస్తూ కార్సన్ సమర్పించిన పరిశోధన రేడియోకు హాస్యం రాయడం గురించే. రేడియో హాస్యనటుడు జాక్ బెన్నీ వంటి వారి కార్యక్రమాల ముక్కలు టేపు మీద వినిపిస్తూ, నవ్వు ఎక్కడ ఎందుకు వస్తుందో విడమరచి చెప్పారు. 1988లో రచయితల సమ్మె సాగుతున్నప్పుడు ఆయన మే నెలలో తెర మీదకు తిరిగి వచ్చి, తన తొలి పలుకులు తానే రాసుకుని నడిపించారు.

అపోహ: ఒక్క రాత్రి చాలు, జాతకం మారిపోతుంది.

ఈ కథను ఇష్టపడేవారు 1954 నాటి సంఘటన చెబుతారు. అప్పట్లో కార్సన్ హాస్యనటుడు రెడ్ స్కెల్టన్‌కు రచయిత. ప్రత్యక్ష ప్రసారానికి కాసేపటి ముందు రిహార్సల్లో స్కెల్టన్ తలకు దెబ్బ తగిలింది, కుర్ర రచయిత స్టేజీ ఎక్కాడు, శభాష్ అనిపించుకున్నాడు. అంతవరకు నిజమే. ఆ ఊపులో సీబీఎస్ అనే టీవీ సంస్థ 1955లో ఆయన పేరుతోనే పెట్టిన కార్యక్రమం మరుసటి ఏడాదే మూతపడిందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ తర్వాత 1957 నుంచి 1962 వరకు పగటిపూట వచ్చే ఒక క్విజ్ కార్యక్రమం నడిపారు. కొత్త మనిషితో మాట కలపడం, అతన్ని చిన్నబుచ్చకుండా నవ్వు పుట్టించడం ఆ అయిదేళ్ళలో సాధన చేసినవే. తర్వాత ముప్పయ్యేళ్ళు పక్కన కూర్చున్న ఎడ్ మెక్‌మాన్ జతకలిసింది కూడా అక్కడే.

అపోహ: జోకు జోకే, దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

1973 డిసెంబరులో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒక అమెరికా పార్లమెంటు సభ్యుడు టాయిలెట్ పేపరుకు కొరత రావచ్చని ప్రకటన చేశారు. చమురు సంక్షోభపు రోజులవి, దేనికైనా కొరత వస్తుందంటే జనం నమ్మే కాలం. కార్సన్ దాని మీద ఒక జోకు వేశారు. మర్నాడు జనం దుకాణాల మీద పడ్డారు, అరలు ఖాళీ అయ్యాయి, దాంతో లేని కొరత నిజంగానే వచ్చింది. అది తమాషాకు అన్నదేనని ఆయన తర్వాత విడమరచి చెప్పుకోవలసి వచ్చింది. కొత్తగా మా టీములో చేరినవారికి నేను మొదట చెప్పే కథ ఇదే.

అపోహ: పక్కన కూర్చోబెట్టుకున్నారంటే స్నేహితుడైనట్టే.

కొత్త కమెడియన్ తన అయిదారు నిమిషాలు పూర్తి చేశాక, కార్సన్ చేత్తో సైగ చేసి సోఫా మీదకు పిలిస్తే, ఆ మనిషి దశ తిరిగినట్టే లెక్క. హాస్యనటి ఎలెన్ డీజెనరస్‌ను 1986లో తొలిసారి వచ్చిన రాత్రే అలా పిలిచారు. కానీ అది కొలువు, చుట్టరికం కాదు. మరో హాస్యనటి జోన్ రివర్స్ 1965లో ఆ షోలో తొలిసారి కనిపించి పేరు తెచ్చుకున్నారు. 1983 నాటికి కార్సన్ సెలవులో ఉన్నప్పుడు ఆయన కుర్చీలో కూర్చునే శాశ్వత అతిథి హోస్టు అయ్యారు. 1986లో ఫాక్స్ నెట్‌వర్కులో దాదాపు అదే వేళకు సొంత షో ఒప్పుకున్నారు. ఆ తర్వాత కార్సన్ ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ సంగతి ముందుగా తనకు చెప్పలేదన్నది ఆయన మనస్తాపం. తన భవిష్యత్తుకు అక్కడ హామీ లేదన్నది ఆమె వాదన. ఇద్దరిలో ఎవరిది న్యాయమని నన్ను అడిగితే, ఏడాది ఏడాదికి కాంట్రాక్టు రాయించుకునే మనిషిగా నేను ఆమె పక్షమే. ఇరవై ఒక్కేళ్ళ పరిచయాన్ని అంత సులువుగా కత్తిరించుకోవడం ఆయన గొప్పతనంగా నాకు ఎప్పుడూ కనిపించలేదు.

అపోహ: తెర మీద కలుపుగోలుగా ఉండే మనిషి ఇంట్లోనూ అంతే.

కార్సన్ విందులకు దూరంగా మెలిగేవారని, పదిమంది చేరిన చోట మాట పెగలక ఒక మూలన నిలబడేవారని దగ్గరగా చూసినవారు చెప్పారు. ఆయన సొంత ఇష్టాలు ఒంటరిగా సాగేవి: టెలిస్కోపుతో నక్షత్రాలు చూడడం, డ్రమ్స్ వాయించడం, చిన్ననాడు పట్టుబడిన గారడీ. పద్నాలుగేళ్ళ వయసులోనే ‘ది గ్రేట్ కార్సోనీ’ అని పేరు పెట్టుకుని మ్యాజిక్ ప్రదర్శనలిచ్చిన కుర్రవాడికి, ప్రేక్షకులకు తనకు మధ్య ఒక బల్ల ఉంటేనే ధైర్యమేమోనని నాకు అనిపిస్తుంది. లేట్ నైట్ హోస్టుకు కూడా ఎదురుగా ఒక డెస్కు ఉంటుంది కదా.

అపోహ: అందరినీ నవ్వించేవాడు లోలోపల ఏడుస్తూ ఉంటాడు.

ఈ మాట చెప్పడానికి బాగుంటుంది, అందుకే ఇంతకాలం బతికింది. కార్సన్ జీవితంలో దీనికి పనికొచ్చే సరుకు బోలెడుంది. నాలుగు పెళ్ళిళ్ళు, మూడు విడాకులు, తాగుడు, 1982లో మద్యం తాగి కారు నడిపినందుకు అరెస్టు. ఇవన్నీ నిజాలే. అయితే భరణం గురించి ఆయన రాత్రుళ్ళు వేసిన జోకులు గుండెకోత బయటపెట్టుకోవడమేనని నేను నమ్మను. అందరికీ తెలిసిన సంగతిని హోస్టు ముందుగా తానే అనకపోతే జనం మనసులో అదే తిరుగుతూ ఉంటుంది, మిగతా జోకులు చెవికెక్కవు. కాబట్టి అది పనిలో భాగం. మా యాంకరు ఒకరికి కాలు బెణికితే, కట్టు మీద రెండు జోకులు పెట్టకుండా షో మొదలుపెట్టం.

నిజమైన దుఃఖం వచ్చినప్పుడు ఆయన దాన్ని జోకుగా మార్చలేదు. 1991 జూన్ 21న ఆయన కొడుకు రిక్, ఫొటోలు తీయడానికి వెళ్ళి కారు ప్రమాదంలో చనిపోయాడు. కొన్ని వారాల తర్వాత షోకు తిరిగి వచ్చిన రాత్రి ఆయన ఎప్పటిలాగే కార్యక్రమమంతా నడిపించి, చివరి నిమిషాల్లో మాత్రం కొడుకు గురించి మాట్లాడారు. వార్తల్లో వచ్చినది డ్రైవింగ్ లైసెన్సు మీది ఫొటో అని చెప్పి, అది తన కొడుకు కాదన్నట్టుగా, నవ్వుతున్న ఫొటో ఒకటి చూపించారు. ఆ తర్వాత రిక్ తీసిన కొండలూ నీళ్ళూ ఆకాశమూ ఒక్కొక్కటే తెర మీదకు వచ్చాయి. ఆ నాలుగు నిమిషాల కోసం ఆయన మిగతా గంటను పక్కన పెట్టలేదన్న సంగతి నాకు పదే పదే గుర్తొస్తుంది.

అపోహ: స్టేజీ దిగితే ఈ మనుషులు బతకలేరు.

దిగేనాటికి కార్సన్‌కు అరవై ఆరేళ్ళు. ఆఖరి రాత్రి అతిథులు ఎవరూ లేరు. హాలులో ఉన్నది ఇంటివాళ్ళు, స్నేహితులు, కలిసి పనిచేసినవాళ్ళే. తర్వాత మళ్ళీ సొంత కార్యక్రమం పెట్టలేదు. 1994 మేలో ఇంకో లేట్ నైట్ హోస్టు డేవిడ్ లెటర్‌మన్ షోలోకి నడిచి వచ్చి, ఆయన డెస్కు వెనక కూర్చుని, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయారు. టీవీలో ఆయన కనిపించడం అదే చివరిసారి. ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని, 2005 జనవరి 23న డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో చనిపోయారు.

స్టేజీ వదిలారు గానీ, చేయి మాత్రం ఊరుకోలేదు. పేపరు చదివినప్పుడు తోచిన జోకులను ఆయన లెటర్‌మన్‌కు పంపుతూ ఉండేవారని, అవి షోలో వాడుకునేవారని చివరి రోజుల్లో బయటపడింది. ముప్పయ్యేళ్ళు ఇతరులు రాసినవి చెప్పిన మనిషి, ఆఖరికి పేరు లేని రచయితగా ఇంకొకరి కార్డులు నింపారన్నమాట. 2005 జనవరి 31న లెటర్‌మన్ తన షోలో ఎప్పటిలాగే నిలబడి తొలి పలుకులు పలికారు, జనం ఎప్పటిలాగే నవ్వారు. తర్వాత డెస్కు దగ్గర కూర్చుని, ఇందాక చెప్పిన జోకులన్నీ జానీ రాసినవేనని చెప్పారు. అప్పటికే అందరూ నవ్వేసి ఉన్నారు.