మిథున రాశి వాళ్లకు ఆస్పిరిన్ పనిచేయదా?

1988లో లాన్సెట్ పత్రికలో ఐసిస్-2 అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. గుండెపోటు అనుమానంతో ఆస్పత్రుల్లో చేరిన 17,187 మందిపై చేసిన పరీక్ష అది. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు డమ్మీ మాత్ర ఇచ్చిన వర్గంలో 11.8 శాతం, ఆస్పిరిన్ ఇచ్చిన వర్గంలో 9.4 శాతం. సందేహానికి తావులేని ఫలితం. కానీ అదే వ్యాసంలో ఓ వింత లెక్క కూడా ఉంది. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ మేలు చేయకపోగా కాస్త కీడే చేసినట్టు కనిపించింది. మిగతా పది రాశుల వాళ్లకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది!

పరిశోధకులకు జాతకాల పిచ్చేమీ లేదు. రోగులను రకరకాల గుంపులుగా విడదీసి ఫలితాలు చూపించమని పత్రిక అడిగింది. అలా విడదీస్తూ పోతే ఎంత అసంబద్ధమైన తేడాలైనా బయటపడతాయని చూపించడానికి, పుట్టిన తేదీలను బట్టి రాశుల లెక్క కూడా చేర్చారు. వైద్య పత్రికల్లో ఇంత మర్యాదగా పెట్టిన చురక మరొకటి నేను చూడలేదు.

ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో, దాన్ని ఏ కొలతతో తేలుస్తారో ట్రయల్ మొదలుకాకముందే ప్రొటోకాల్‌లో, అంటే ట్రయల్ ప్రణాళికలో, రాసుకోవాలి. డేటా చూశాక పుట్టిన ప్రశ్నకు మళ్లీ అదే డేటాలో జవాబు వెతికితే దాన్ని పోస్ట్ హాక్ విశ్లేషణ అంటారు. ఇందులో మోసం ఉండాల్సిన పనిలేదు, లెక్కే చాలు. ఏ ప్రభావమూ లేని మందును 20 విడివిడి గుంపుల్లో, మామూలుగా వాడే 5 శాతం హద్దుతో (అంటే ఒక్కో గుంపులో లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం 5 శాతం) పరీక్షించారనుకుందాం. కనీసం ఒక్క గుంపులోనైనా ఏదో తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం దాదాపు 64 శాతం. ఆ ఒక్కదాన్నే పట్టుకుని పేపర్ రాస్తే మిగతా 19 గుంపుల సంగతి ఎవరికీ తెలియదు.

దీనికి ముందే, 1980లో, కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అనే గుండెజబ్బు మందుల ట్రయల్ వాళ్లు ఇంకో రకం ఉచ్చును బయటపెట్టారు. కొలెస్ట్రాల్ తగ్గించే క్లోఫైబ్రేట్ అనే మందుతో మొత్తమ్మీద మరణాలు తగ్గలేదు. అయితే మాత్రలు సరిగ్గా వేసుకున్నవాళ్లను విడిగా చూస్తే ఐదేళ్లలో చనిపోయింది 15 శాతమే. సరిగ్గా వేసుకోనివాళ్లలో 24.6 శాతం. ఇక్కడితో ఆగితే మందు గొప్పదే అనిపిస్తుంది. వాళ్లు ఆగకుండా డమ్మీ మాత్రల వాళ్లనూ అలాగే విడదీశారు. బుద్ధిగా వేసుకున్నవాళ్లలో 15.1 శాతం, వేసుకోనివాళ్లలో 28.2 శాతం! ఏ మందూ లేని మాత్రను క్రమం తప్పకుండా మింగినా మరణాలు తక్కువే. తేడా మాత్రలో లేదు, మనుషుల్లో ఉంది.

ఇలాంటి పొరపాట్లు కాగితం మీదే ఉండిపోవు. 1978లో వచ్చిన కెనడా ట్రయల్‌లో ఉన్నది 585 మంది. ఆస్పిరిన్ పక్షవాతాన్ని ఆపడంలో మగవాళ్లకే పనికొచ్చినట్టు అందులో కనిపించింది. మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 1980లో ఆ వాడకానికి మగవాళ్లకే అనుమతి ఇచ్చింది. ఆడవాళ్లకు వర్తింపజేసేసరికి 1998 వచ్చింది.

అలాగని పోస్ట్ హాక్ అంతా చెత్త అనలేం. గుండె బలహీనతకు ఇచ్చే రెండు మందుల జోడీ నల్లజాతి రోగులకు బాగా పనిచేస్తోందేమోనని పాత ట్రయల్స్‌ను తిరగేసినప్పుడు అనిపించింది. అంతటితో సరిపెట్టుకోకుండా 1,050 మందితో కొత్త ట్రయల్ పెట్టారు. డమ్మీ వర్గంలో మరణాలు 10.2 శాతం, మందు వర్గంలో 6.2 శాతం కావడంతో 2004లో దాన్ని ముందే ఆపేశారు. అయితే అందులో నల్లజాతి వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. మిగతావాళ్లకు ఆ జోడీ ఎంత పనిచేస్తుందో అది చెప్పలేదు.

ఇక అల్జీమర్స్ మందు అడుకానుమాబ్. ఫలితం రాదని 2019 మార్చిలో రెండు ట్రయల్స్‌నూ ఆపేశారు. ఆ తర్వాత చేరిన డేటాతో లెక్క మళ్లీ వేసి, ఎక్కువ డోసు ఇచ్చినవాళ్లకు ఒక ట్రయల్‌లో మేలు కనిపించిందని అక్టోబరులో కంపెనీ ప్రకటించింది. రెండోదాంట్లో ఎందుకు కనిపించలేదో చెప్పడానికి మళ్లీ పోస్ట్ హాక్ విశ్లేషణలే. ఎఫ్‌డీఏకు సలహాలిచ్చే నిపుణుల కమిటీ ఒప్పుకోలేదు. అయినా 2021 జూన్‌లో ఎఫ్‌డీఏ, మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గుతోందన్న ఆధారంతో, త్వరిత అనుమతి ఇచ్చింది. ముగ్గురు కమిటీ సభ్యులు రాజీనామా చేశారు. మేలు నిజమో కాదో తేల్చడానికి ఇంకో ట్రయల్ చేయాలన్నది షరతు. 2024 జనవరిలో కంపెనీ ఆ మందును మానుకుంటున్నట్టు చెప్పి, ఆ ట్రయల్‌ను కూడా మధ్యలోనే ఆపేసింది.