పెన్సిల్ ములుకు గుచ్చుకుంటే విషమా? గాయాలు, మచ్చల మీద అపోహలు - వాస్తవాలు

నా కుడి అరచేతిలో, బొటనవేలి కింద, ఆవగింజంత నీలం చుక్క ఉంది. అయిదో తరగతిలో పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలోంచి పెన్సిల్ లాక్కోబోతే గుచ్చుకుంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ చుక్క అలాగే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. పాలకొల్లు దగ్గర ఒక ఆసుపత్రిలో డ్రెస్సింగ్ గది నర్సుగా చేస్తున్నాను కాబట్టి ఇలాంటి చుక్కలు, గీతలు, గాట్లు రోజూ చూస్తాను.

మొన్న జూలైలో ఒకావిడ రెండో తరగతి పిల్లాణ్ణి బండి మీద వేసుకుని పరుగున వచ్చింది. "సిస్టర్ గారూ, పెన్సిల్ గుచ్చుకుందండీ, సీసం రక్తంలోకి వెళ్లిపోయిందేమోనండీ" అని వణికిపోతోంది. చూస్తే ముంజేతి మీద చిన్న నల్ల చుక్క, అంతే. కానీ అదే పిల్లాడి మోకాలి మీద, నాలుగు రోజుల కిందట కాలవ గట్టు మీద సైకిల్ మీంచి పడ్డప్పుడు అయిన గాయం ఉంది. దాని మీద పసుపు, కింద మట్టి, రెండూ కలిసి అట్ట కట్టేశాయి. "కడిగారామ్మా?" అంటే "ఆయ్, పసుపు పెట్టేశామండి" అంది. ఆవిడ తప్పు కాదు, ఆవిడకు అలాగే నేర్పారు. నాకు బాధనిపించేది ఒక్కటే, భయపడక్కర్లేని చోట హడలిపోతాం, నిజంగా చూసుకోవాల్సిన చోట పసుపు పెట్టి మర్చిపోతాం.

అపోహ: పెన్సిల్‌లో సీసం ఉంటుంది, ఒంట్లోకి పాకుతుంది.

లేదు. ములుకు అంటే గ్రాఫైటు పొడి, బంకమన్ను కలిపి కాల్చిన పుల్ల. 16వ శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్ దగ్గర గ్రాఫైటు దొరికినప్పుడు దాన్ని సీసంలో ఒక రకం అనుకున్నారు, ఆ పేరు అలా అంటుకుపోయింది. 1795లో ఫ్రాన్సులో కాంటే అనే ఆయన మట్టి కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు, ఈరోజుకీ పెన్సిళ్లు దాదాపు అలాగే తయారవుతున్నాయి. గ్రాఫైటుకు విషం లేదు. చర్మం లోపలి పొరలోకి దిగితే, ఒంట్లో చెత్త ఏరే కణాలు దాన్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు, అక్కడే ఉండిపోతాయి. పచ్చబొట్టు నిలిచేదీ అందుకే. నల్ల పొడి చర్మం కిందనుంచి నీలంగా కనబడుతుంది.

ములుకు విరిగి పైకి కనబడుతూ ఉంటే శుభ్రమైన పట్టకారుతో తీసేసి సబ్బునీళ్లతో కడగండి. కనబడకపోతే పిన్నీసుతో తవ్వకండి, ఆ తవ్వుడుతో వచ్చే మచ్చ ములుకు మచ్చ కన్నా పెద్దది. కంటి దగ్గరైనా, కీలు మీదైనా, లోతుగా దిగినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఏళ్ల తర్వాత ఆ చుక్క పెరిగినా, గడ్డ కట్టినా, రంగు మారినా చూపించాలి. పూర్వం ఆఫీసుల్లో తడి తగిలితే ఊదారంగుకు తిరిగే కాపీయింగ్ పెన్సిళ్లు ఉండేవి, వాటి రంగు మాత్రం నిజంగానే కండను పాడుచేస్తుంది. తాతగారి పెట్టెలో దొరికితే పిల్లల చేతికి ఇవ్వకండి.

అపోహ: ఓటు సిరా పోయినట్టే పెన్సిల్ చుక్కా పోతుంది, ఆగితే చాలు.

2024 మే 13న ఓటేసినప్పుడు వేలికి పెట్టిన చుక్క చర్మం మీదనుంచి కొన్ని వారాల్లో పోయింది, గోరు మీద మాత్రం గోరు పెరిగేదాకా ఉంది. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్, అది అంటేది పైపొరకే. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంది. బాల్‌పెన్ గీతలూ అంతే, పెన్ను చర్మంలోకి గుచ్చుకుంటే తప్ప. లోపలి పొరలో చేరిన రంగు అలా రాలిపోదు. నిమ్మకాయ రుద్దినా, ఉప్పు రాసినా పైతోలు ఊడుతుంది గానీ చుక్క కదలదు. అంతగా ఇబ్బందైతే చర్మ డాక్టరు దగ్గర లేజరు ఉంది, లేకపోతే చిన్న ముక్క కోసి తీస్తారు.

అపోహ: గాయం మీద పసుపు, కాఫీపొడి పెడితే మచ్చ పడదు.

దీని గురించే ఎక్కువ చెప్పాలి. రోడ్డు మీద గీసుకుపోయినప్పుడు తారు, ఇసుక, మట్టి రేణువులు చర్మంలో దిగబడతాయి. వాటి మీదే కొత్త చర్మం మూసుకుంటే జీవితాంతం నల్ల మరకలే, ఎవరూ పొడవని పచ్చబొట్టు. దాన్ని ఆపగలిగేది మొదటి రోజే. గాయమైన వెంటనే కుళాయి నీళ్ల ధార కింద పది నిమిషాలు పెట్టి, మెత్తటి శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఇంకా మట్టి కనబడుతుంటే అదే రోజు రండి. మేం తిమ్మిరి జెల్లీ రాసి, సెలైన్ పోస్తూ గాజుగుడ్డతో రుద్ది తీస్తాం. ఆ పిల్లాడి మోకాలికి నలభై నిమిషాలు పట్టింది. తడిపి తడిపి పసుపు అట్ట లేపితే, కింద గులాబీరంగు కండలో గసగసాల్లా నల్ల ఇసుక. తీయగలిగినంత తీశాను. కొంత అప్పటికే లోపలికి వెళ్లిపోయింది, అది ఉంటుంది.

పసుపుకు మంచి గుణాలు లేవని నేననను. కానీ వంటింటి డబ్బాలో పొడి క్రిములు లేనిది కాదు, పైగా గాయం అంచులు ఎర్రబడ్డాయో లేదో కనబడనివ్వదు. కాఫీపొడి, బండి గ్రీజు, కిరసనాయిలు కూడా వద్దు. సున్నం అయితే చర్మాన్ని కాలుస్తుంది. సైలెన్సర్ తగిలి పిక్క కాలితే టూత్‌పేస్టు, ఇంకు, ఐసు పెట్టకండి, 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్ల ధార చాలు.

అపోహ: తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకుంటేనే టీటీ (ధనుర్వాతం ఇంజెక్షన్) కావాలి.

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. మన గోదావరి డెల్టాలో చేలగట్టు మట్టి, గేదెల పాక, తాటాకు ముల్లు, కొబ్బరి ఒలిచే గునపం, నిన్న కొన్న తళతళలాడే కొడవలి, ఏదైనా సరే మట్టి అంటి లోతుగా దిగితే ప్రమాదమే. అలాగని గీత పడ్డ ప్రతిసారీ ఇంజెక్షన్ అక్కర్లేదు. చిన్నప్పటి డోసులన్నీ పడినవాళ్లకు పదేళ్లకోసారి, మురికి గాయమైతే చివరి డోసు పడి అయిదేళ్లు దాటితే వేస్తారు. తారీఖు ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి, నన్ను నమ్మండి, ఎవరికీ గుర్తుండదు.

అపోహ: పప్పు, గుడ్డు, చేప తింటే చీము పడుతుంది.

చీము పట్టేది క్రిములతో, కందిపప్పుతో కాదు. అంబాజీపేట వైపునుంచి ఒక కొబ్బరి ఒలుపు కార్మికుడు వచ్చేవాడు, అరచేయి చీరుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. ఇంట్లో పన్నెండు రోజులు చారన్నమే పెట్టారు. కొత్త కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి, అవి లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది. నిమ్మ, జామ, ఉసిరి కూడా తినండి. పథ్యం పాటించాల్సింది షుగర్ ఉన్నవాళ్లు, అదీ షుగర్ విషయంలో.

గాయం గాలికి ఆరి పక్కు కట్టాలనేది కూడా నిజం కాదు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో తేమగా ఉంచిన గాయాలే త్వరగా మూసుకున్నాయి. పల్చగా వాసెలిన్ రాసి, శుభ్రమైన కట్టు కట్టి, మార్చుకుంటూ ఉండండి.

మచ్చ క్రీముల గురించి అడుగుతారు. మచ్చ గట్టిదనం తగ్గి చదును కావడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎండ తగలకుండా చూసుకోవడం, ఉబ్బుగా ఉంటే సిలికాన్ జెల్, ఇవే ముందు చేయాల్సినవి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు వద్దు, చర్మం పల్చబడిపోతుంది. గాయం హద్దు దాటి పెరిగే మచ్చను మాత్రం ఊరికే కోయించుకోకండి, మళ్లీ ఇంకా పెద్దదై వస్తుంది.

అపోహ: రొయ్య ముల్లే కదా, రెండు రోజుల్లో అదే తగ్గుతుంది.

భీమవరం, నరసాపురం వైపు చెరువుల్లో, రొయ్యల షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్లకు వేళ్ల నిండా ఇవే గాట్లు. చాలావరకు తగ్గిపోతాయి. కానీ నీళ్లలో ఉండే ఒక రకం క్రిమి గాటులోంచి దిగితే, గాటు మానిపోయిన రెండు, మూడు వారాలకు అక్కడ నొప్పి లేని గడ్డ లేస్తుంది, మామూలు మాత్రలకు లొంగదు, నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. కాస్త ఉప్పునీటి చెరువుల్లో ఉండే ఇంకో రకమైతే గంటల్లోనే చెయ్యంతా వాచి, జ్వరం, బొబ్బలు తెస్తుంది. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి వస్తుంది, వాళ్లు తెల్లారేదాకా ఆగకూడదు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు "వేలు వాచింది" అని ఊరుకోకండి, "చెరువు పని, రొయ్య ముల్లు దిగింది, ఫలానా రోజు" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరుగారు మామూలు గడ్డ అనుకునే అవకాశం ఉంది.