తగలని లారీ, పడిన బైకు: క్లెయిమ్ ఎందుకు ఆగుతుంది?

గోదావరి డెల్టాలో చాలా రోడ్లు కాలువ గట్ల మీదే ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు విస్తరించాయి, కాలక్రమంలో వాటి గట్లే దారులయ్యాయి. ఎడ్లబండ్లకు సరిపోయిన ఆ వెడల్పులో ఇప్పుడు ఆకివీడు చేపల లారీలు, అంబాజీపేట కొబ్బరి లోడ్లు తిరుగుతున్నాయి. ఎదురొచ్చే లారీ మధ్యకి వచ్చేస్తే బైకు మీదున్న మనిషికి మిగిలేది మట్టి అంచు, దాని పక్కన నీళ్లు. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే ఆ అంచూ దక్కదు. మనిషి కాలువలో పడతాడు, లారీకి గీత కూడా పడదు. ఇంట్లోవాళ్లు ఇన్సూరెన్స్ సంగతి ఎత్తితే "లారీ తగల్లేదుగా, కేసు నిలవదు" అంటారు.

ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. తగిలి తీరాలని చట్టం ఎన్నడూ అనలేదు.

1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద 1946 జులై 1 నుంచి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరైంది. 1956 సవరణతో ప్రమాద పరిహారం కేసులు తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు వచ్చాయి. వాటి ముందుకు వెళ్లడానికి ప్రమాదం "మోటారు వాహనం వాడకం వల్ల" జరిగి ఉంటే చాలు. 1988 చట్టం కూడా అదే కొలత ఉంచింది. ఆ కొలత ఎంత విశాలమో 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. 1987లో పుణె–బెంగళూరు రహదారి మీద ఒక పెట్రోలు ట్యాంకర్ బోల్తా పడింది. కొన్ని గంటల తర్వాత, ఆగి ఉన్న ట్యాంకరే పేలి చుట్టూ చేరినవాళ్లు చనిపోయారు. అదీ వాహనం వాడకం వల్ల జరిగిన ప్రమాదమేనని కోర్టు చెప్పింది.

అసలు చిక్కు రుజువు దగ్గర ఉంది. 1988 చట్టం 166 సెక్షన్ కింద పూర్తి పరిహారం కావాలంటే లారీ డ్రైవర్ నిర్లక్ష్యం చూపించాలి. ఆసుపత్రిలో కంగారులో ఎవరో "బండి స్లిప్ అయింది" అంటారు, ఎఫ్ఐఆర్‌లో అదే రాస్తారు, ఇన్సూరెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. అందుకే ఎదురొచ్చిన వాహనం సంగతి మొదటి వాంగ్మూలంలోనే చెప్పాలి. క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు ఇక్కడ అక్కర్లేదని, ఏది ఎక్కువ సంభావ్యమో చూస్తే చాలని 2009లో సుప్రీంకోర్టు అంది. గట్టు మీద టీ కొట్టు మనిషి సాక్ష్యం, బ్రేకు గుర్తుల ఫొటో ఇలాంటి చోట చాలా విలువైనవి.

2022 ఏప్రిల్ 1 నుంచి 164 సెక్షన్ కింద నిర్లక్ష్యం రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయాలకు 2.5 లక్షలు అడగవచ్చు. దీనికీ లారీ నంబరు తెలియాలి. ఎంత వెతికినా నంబరు దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు. దాని నిర్వచనంలోనూ వాహనం తగలాలన్న షరతు లేదు.

అదే తేదీ నుంచి 166 క్లెయిమ్‌కు ఆరు నెలల గడువు కూడా వచ్చింది. 1994లో తీసేసిన గడువును 2019 సవరణ మళ్లీ తెచ్చింది. లారీ ఎవరిదో కనుక్కోవడానికే నెలలు పట్టే ఈ కుటుంబాలకు ఇది అన్యాయమే. గడువు దాటిందని క్లెయిమ్‌లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆరు నెలల్లోపే పిటిషన్ వేయడం క్షేమం. కుటుంబం తాము ఉంటున్న ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.