ఢిల్లీలో కెమెరాని ఎవరూ లాక్కోరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చలికాలం మొదలైందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "ఢిల్లీ వెళ్తున్నామండీ, పెద్ద కెమెరా తీసుకెళ్లొచ్చా? గేటు దగ్గర లాక్కుంటారట కదా?" విజయవాడలో ఫొటోగ్రఫీ నేర్పుతాను, గ్రూపుల్ని ఢిల్లీ, ఆగ్రా తిప్పుతుంటాను కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎంతో డబ్బు పోసి కొనుక్కున్న కెమెరా, ఊరు కాని ఊరు, హిందీ అంతంతమాత్రం, టెన్షన్ ఉండదా మరి? కానీ ఎవరో ఎక్కడో విన్నదాన్ని వాట్సాప్‌లో "ముఖ్య గమనిక" అని పెట్టి పదిమందిని భయపెట్టేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: డీఎస్ఎల్ఆర్, అంటే లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా అయితే పర్మిషన్ కావాలి, ఫోన్ అయితే అక్కర్లేదు.

వాస్తవం: ఎర్రకోట, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, ఇవన్నీ పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ చేతిలో ఉన్న కట్టడాలు. మీ లెన్స్ మూరెడు పొడుగున్నా సరే, చేత్తో పట్టుకుని ఫొటోలు తీసుకోవడానికి ఎంట్రీ టికెట్ చాలు. వీడియో కెమెరా అయితే ఇంకో 25 రూపాయల టికెట్, అంతే. 2018లో ఏఎస్ఐ తన కట్టడాలన్నింటిలో ఫొటోలకు అనుమతి ఇచ్చింది. మినహాయించినవి మూడే: అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ లోపల సమాధి గది. ఈ మూడింట్లో ఢిల్లీది ఒక్కటీ లేదు.

ఇది తెలియక జనం రెండు రకాలుగా నష్టపోతున్నారు. మొదటిది డబ్బు. ఒక కట్టడం బయట ఓ మనిషి మెడలో ఏదో కార్డు వేసుకుని "కెమెరా పాస్" అంటూ తిరుగుతుంటే, మా గ్రూపులో చేరాల్సిన ఒకాయన మేం వచ్చేలోపే అతనికి 500 ఇచ్చేశారు. చేతిలో రసీదు లేదు, చూస్తే ఆ మనిషీ లేడు. డబ్బు ఏదైనా కౌంటర్ దగ్గరో, ఆన్‌లైన్‌లోనో మాత్రమే కట్టండి. లోపల లైసెన్స్ ఉన్న ఫొటోగ్రాఫర్లు కూడా ఉంటారు, వాళ్లు వేరు. గుర్తింపు కార్డు చూసి, రేటు ముందే మాట్లాడుకుని తీయించుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

రెండోది డబ్బుకంటే పెద్ద నష్టం. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, పాపం ఫొటోల మీద ఇష్టంతో ఆ వయసులో కెమెరా కొని నేర్చుకున్నారు. ఎవరి మాటో విని దాన్ని కరోల్‌బాగ్ హోటల్లో బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చారు. హుమాయూన్ సమాధిలో అడుగుపెట్టగానే కాలేజీ పిల్లలు ఆయనదానికంటే రెండింతల కెమెరాలతో తిరుగుతున్నారు. ఆయన ఏమీ అనలేదు, జేబులోంచి ఫోన్ తీశారు. ఆ పొద్దు చూసిన ముఖం గుర్తొచ్చే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మరి నిజంగా దేన్ని ఆపుతారు? ట్రైపాడ్‌ని, అంటే కెమెరా పెట్టే మూడు కాళ్ల స్టాండుని. స్టాండ్ లైట్లను. ముఖం మీదకి వెలుగు తిప్పే రిఫ్లెక్టర్ పట్టుకునే అసిస్టెంట్‌ని, గౌను వేసుకుని ప్రీవెడ్డింగ్ షూట్‌కి వచ్చిన జంటని. స్టాండు, లైట్లు, వేషాలు కనిపిస్తే గేటు దగ్గర దాన్ని షూటింగ్ కిందే చూస్తారు, షూటింగ్ అంటే ముందుగా దరఖాస్తు, ఫీజు, రాతపూర్వక అనుమతి. "గార్డుకి ఏదో ఇస్తే వదిలేస్తాడు" అన్న సలహా పొరపాటున కూడా వినకండి.

ట్రైపాడ్ లేకపోతే చీకటి గదుల్లో ఎలా అంటారా? హుమాయూన్ సమాధి మధ్య గదినే తీసుకోండి. తెల్లటి సమాధి ఒక్కటే నడిమధ్యన, చుట్టూ రాతి జాలీల్లోంచి సన్నటి వెలుగు. ఫ్లాష్ వేశారో, ఆ జాలీ వెలుగు మొత్తం చచ్చిపోతుంది. ఐఎస్ఓని, అంటే తక్కువ వెలుగులోనూ ఫొటో పడేలా చేసే సెట్టింగ్‌ని, 3200కి పెంచండి, భుజాన్ని గుమ్మానికి గట్టిగా ఆనించండి, మోచేతులు పక్కలకు అదిమి, ఊపిరి సగం వదిలి వరసగా నాలుగైదు నొక్కండి. షట్టర్ వేగం సెకనులో 1/15కి పడిపోయినా వాటిలో ఒకటి షార్ప్‌గా వస్తుంది. ఫొటోలో కాస్త గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు వస్తే రానివ్వండి.

కెమెరా నిజంగా లోపలికి వెళ్లని చోట్లు కూడా ఉన్నాయి, అవి ఏఎస్ఐవి కావు. అక్షర్‌ధామ్‌లో కెమెరాయే కాదు, ఫోన్, బ్యాగు ఏవీ పోవు. "ఫోన్ జేబులో ఉంటే చూడరు" అన్నది ఒట్టి మాట, తనిఖీ గట్టిగా ఉంటుంది. సామాను వాళ్ల క్లోక్‌రూమ్‌లోనే పెట్టి టోకెన్ తీసుకోండి, ఆటోవాలా చేతికి మాత్రం ఇవ్వకండి. ఫోన్లు ఉండవు కాబట్టి ఎక్కడ, ఎన్నింటికి కలుసుకోవాలో గేటు దాటకముందే ఇంట్లోవాళ్లతో అనుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్లు వెంట ఉంటే. రాష్ట్రపతి భవన్‌లో అమృత్ ఉద్యాన్‌కి ఫోన్ తీసుకెళ్లొచ్చు, కెమెరా కుదరదు. లోటస్ టెంపుల్‌ని బయట ఎన్ని ఫొటోలైనా తీసుకోండి, ప్రార్థన మందిరంలో మాత్రం తీయకూడదు.

ఇంకో అపోహ, ఇది ఫొటోలు కాస్త తెలిసినవాళ్లకే ఎక్కువ: తెల్లారగానే వెళ్తేనే మంచి వెలుగు. జనం తక్కువగా ఉంటారన్నది నిజమే. కానీ ఢిల్లీలో పెద్ద కట్టడాలు ఎటు చూస్తున్నాయో గమనించండి. ఎర్రకోట లాహోరీ గేటు పడమటి ముఖం, చాందినీ చౌక్ వైపు. హుమాయూన్ సమాధికి మనం పడమటి ద్వారం నుంచే వెళ్తాం. ఇండియా గేట్‌ని మనందరం కర్తవ్య పథ్ మీద నుంచి తీస్తాం, అంటే పడమటి వైపు నుంచే. పొద్దున్నే వెళ్తే మూడింట్లోనూ సూర్యుడు కట్టడం వెనక ఉంటాడు, ఎర్రరాయి నల్లగా పడుతుంది, ఆకాశం తెల్లగా మాడిపోతుంది. పైగా డిసెంబరు, జనవరిల్లో పొగమంచు, చాలా రోజులు ఏ పదింటికో గాని ఎండ రాదు. నేనైతే గ్రూపుని మధ్యాహ్నం ఆంధ్రా భవన్ భోజనానికి తీసుకెళ్లి, తర్వాత పక్కనే ఉన్న ఇండియా గేట్ దగ్గరికి నాలుగు లోపు చేరుస్తాను. చలికాలం ఢిల్లీలో అయిదున్నర దాటితే చీకటే, ఆ చివరి గంటన్నర వెలుగు గేటు మీద చెక్కిన సైనికుల పేర్ల మీదకి పక్కగా పడుతుంది. జూమ్ ఉంటే కొన్ని పేర్లనైనా దగ్గరగా తీయండి. 42 మీటర్ల గేటుని ఫ్రేములో పట్టించే హడావుడిలో వాటిని ఎవరూ చూడటం లేదు.

మ్యూజియంలో ఫొటోలు తీయనివ్వరనేది కూడా తప్పు. జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియంలో తీసుకోవచ్చు, కెమెరాకి విడిగా చిన్న టికెట్ ఉంటుంది, ఫ్లాష్, ట్రైపాడ్ వద్దు. మొహెంజొదారో కంచు నాట్యగత్తె బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లే, చాలామంది చూడకుండానే దాటేస్తారు. బొమ్మ ముందున్న గాజు అద్దంలో మీ చొక్కా పడకూడదంటే ముదురు రంగు బట్టలు వేసుకెళ్లి, లెన్స్‌ని అద్దానికి దాదాపు ఆనించి తీయండి. బౌద్ధ శిల్పాల గదిలో మన నాగార్జునకొండ పలకలు ఉంటాయి, మూడో శతాబ్దపు సున్నపురాయి. పక్క నుంచి వెలుగు పడే చోట నిలబడి తీస్తే శిల్పుల ఉలి పని తేటగా కనిపిస్తుంది. అక్కడ మన వాళ్లు అరగంటైనా గడపాలని నా కోరిక.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కట్టడం ఫొటో ఇన్‌స్టాలో పెడితే కాపీరైట్ కేసు? లేదు, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనే భవనాలకు, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న శిల్పాలకు మినహాయింపు ఉంది. 250 గ్రాముల లోపు డ్రోన్ ఎగరేయొచ్చా? ఈ ప్రాంతమంతా రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని చోటు, బొమ్మ డ్రోన్ కూడా బ్యాగులోంచి తీయకండి. మెట్రోలో రీల్స్ వద్దని ఢిల్లీ మెట్రో నడిపే డీఎంఆర్‌సీయే చెబుతోంది. పార్లమెంటు చుట్టుపక్కల భద్రతా సిబ్బందిని, చెక్‌పోస్టుల్ని తీయొద్దు, పోలీసు వద్దంటే వాదించకుండా ముందుకు నడవండి.

ఇక సోమవారం సంగతి. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ అన్నింటికీ అదే సెలవు, తాజ్‌కి శుక్రవారం. ఆగస్టు 15కి ముందు ఎర్రకోట కొన్ని రోజులు మూసేస్తారు. మీ రైలు సోమవారం దిగేట్టుంటే ఆ రోజు కుతుబ్, హుమాయూన్ సమాధి పెట్టుకోండి, అవి రోజూ తెరిచే ఉంటాయి. కెమెరా మెడలో వేసుకునే వెళ్లండి.