బార్న్‌లకు ఎర్ర రంగెందుకు?

చిన్నీ, బుజ్జీ,

మొన్న పెన్సిల్వేనియా పొలాల మధ్య కారులో వెళ్తూ ఫోన్ చేసి, "తాతయ్యా, ఇక్కడ బార్న్‌లు ఎర్రగా ఎందుకుంటాయి?" అన్నారు. బార్న్ అంటే పశువులకీ గడ్డికీ పొలంలో కట్టే పెద్ద చెక్క కొట్టం, అంతే కదా. మీ నాన్న "ట్రెడిషన్" అని తేల్చేశాడు. అది జవాబేనా!

నానమ్మ పెట్టే ఆవకాయ తలుచుకోండి. ముక్క అంటే బార్న్ గోడ చెక్క. వానకీ మంచుకీ నానితే బూజు పట్టి కుళ్లిపోతుంది. అందుకని నూనె. యూరప్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన రైతులు అవిసె నూనె పూసేవాళ్లు. జాడీలో నూనె పైకి తేలితే ఆవకాయకు బూజు రాదు కదా, అలాగన్నమాట. కాకపోతే నానమ్మ నూనె నూనెగానే ఉంటుంది, అవిసె నూనె గాలిలో ఆక్సిజన్ పట్టుకుని గట్టి పొరలా బిగుసుకుంటుంది. మరి కారం? ఇనుప తుప్పు, లేకపోతే అది నిండా ఉన్న ఎర్రమట్టి. ఎండ దెబ్బ చెక్కకు తగలనివ్వదు, తనూ ఓ పట్టాన వెలవదు. ఆవపిండికి బదులు సున్నం అనుకోండి. కొందరు వెన్న తీసిన పాలు కూడా కలిపేవాళ్లు. ఆవకాయలో పాలేమిటని నానమ్మ నా మీద పడుతుంది, ఈ ముక్క ఆవిడకు చదవకండి.

కొట్లో రంగు కొనడం అప్పట్లో ఖరీదు వ్యవహారం. పాలు ఇంట్లోవే, అవిసె చేలోదే, మట్టి చవక. ఏం కావాలన్నా ముందు ఫోన్ తీసి ఆర్డర్ పెట్టే మీరు ఇది కాస్త గుర్తుపెట్టుకోవాలి. తర్వాత కంపెనీ రంగులొచ్చినా ఎరుపే చవక, అలవాటూ అయిపోయింది. అలాగని అన్నీ ఎరుపే కావు. కెంటకీలో పొగాకు ఆరబెట్టే బార్న్‌లు చాలావరకు నల్లవి.

సంక్రాంతికి మా అమ్మమ్మ గోడల కింది భాగానికి జాజు పూసేది. అదీ ఇనుమున్న ఎర్రమట్టే. ఓసారి తడి ఆరకుండానే ఆనుకుని కూర్చున్నాను. కొత్త చొక్కా వీపంతా ఎరుపు. ఆవిడ చొక్కా వంక చూడనైనా లేదు, గోడ పాడైందని తిట్టింది.

ఇంత ఇనుము భూమ్మీదికి ఎలా వచ్చిందంటే, ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల నుంచి! అమ్మమ్మ జాజు ముంతలో నక్షత్రమా? ఆపైన నన్ను అడగొద్దు, నాకూ అబ్బురమే.

ఈసారి వెళ్లినప్పుడు పాత బార్న్ ఒకటి చూసి, దక్షిణం గోడా ఉత్తరం గోడా పోల్చండి. మీ వైపు ఎండ ఎక్కువ దక్షిణం గోడకే. ఏది ఎక్కువ వెలిసిందో ఫోన్ చేసి చెప్పండి. పొలంవాళ్లను అడిగాకే లోపలికి అడుగు పెట్టండి.

మీ తాతయ్య